రైలు రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

(కెనడాలో ఒక తెలుగు కమ్యూనిటీ రేడియో వారాంతపు కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ రైళ్ళ గురించి మాట్లాడదామని వచ్చాను. ముందే చెప్పేస్తున్నాను, నేను రైల్వే ఇంజనీరుని కాదు. కంప్యూటర్ సిస్టమ్స్ చూసుకునే కన్సల్టెంటుని. చాలామంది మనవాళ్ళలాగే పొద్దున్నే గో ట్రెయిన్ ఎక్కి టొరంటో డౌన్‌టౌన్‌కి వెళ్ళి, సాయంత్రం అదే రైల్లో కునుకు తీస్తూ ఇల్లు చేరేవాణ్ణి. కాకపోతే మా నాన్నగారు కాజీపేట లోకో షెడ్డులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యారు. కాబట్టి ఈ ప్రసంగంలో సగం ఆయనది, సగం నాది. తప్పులుంటే మాత్రం అన్నీ నావే.

అసలు ఈ విషయం నా బుర్రలోకి ఎలా వచ్చిందో చెబుతాను. ఒక చలికాలం సాయంత్రం మా పాప స్కూల్లో పాటల కార్యక్రమం. ఆరున్నరకి మొదలు. "తప్పకుండా వస్తా తల్లీ" అని పొద్దున మాటిచ్చి వెళ్ళాను. ఆఫీసులో చివరి మీటింగు సాగింది. లేచి వచ్చేయాల్సింది నేనే, మొహమాటపడి కూర్చున్నాను. తీరా యూనియన్ స్టేషన్లో మెట్లు పరిగెత్తి ఎక్కేసరికి నా కళ్ళ ముందే తలుపులు మూసుకున్నాయి. ఒక్క నిమిషం! తరవాతి రైలు గంటకి. స్కూలుకి చేరేసరికి కుర్చీలు మడిచి గోడకి చేరవేస్తున్నారు. పాప ఏడవలేదు. "నేను రెండో లైన్లో నిలబడ్డా నాన్నా, నువ్వు వెనకాల ఉన్నావేమోనని చూశా" అంది. ఏడ్చినా బాగుండేది.

ఆ రాత్రి భోజనాల దగ్గర నా తప్పంతా రైలు మీదకి తోసేశాను. "ఇంత డబ్బున్న దేశం, ఇంకో నాలుగు రైళ్ళు కొని పడేస్తే పోదా? గంటకి ఒకటి ఏమిటి?" అన్నాను. అప్పుడు మా నాన్న ఇక్కడికి వచ్చి రెండు నెలలు. అన్నం కలుపుతూ తల ఎత్తకుండా ఒకే మాట అడిగారు.

"బండ్లు కొనుడు ఎంతసేపు బిడ్డా? కొన్నంక రాత్రి ఏడ పండబెడ్తరు? ఎవరు చూస్తరు?"

నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్ళు ఆ రైలెక్కాను గానీ, నేను దిగిన తరవాత అది ఎక్కడికి వెళుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే తెలిసిన సంగతులే ఇవాళ మీకు చెప్పబోతున్నాను. ఇది వట్టి కుతూహలం కబురు కాదు. మనలో చాలామంది "ఈ స్టేషనుకి త్వరలో పావుగంటకో రైలు వస్తుందట" అన్న మాట నమ్మి ఇళ్ళు కొంటున్నాం. ఇరవై అయిదేళ్ళ అప్పు నెత్తికెత్తుకుంటున్నాం. ఆ మాటని ఎంతవరకు నమ్మవచ్చో తెలుసుకోవాలంటే స్టేషన్లు చూస్తే చాలదు, షెడ్లు చూడాలి.

ముందు కొంచెం చరిత్ర. గో అంటే గవర్నమెంట్ ఆఫ్ ఒంటారియో అన్న మాటలకి పొట్టి పేరు. 1967 మే 23న లేక్‌షోర్ వెంబడి ఈ రైళ్ళు మొదలయ్యాయి. అప్పట్లో ఇది మూడేళ్ళ ప్రయోగం మాత్రమే. హైవేలు ఇంకా ఇంకా వెడల్పు చేసుకుంటూ పోయే బదులు రైలు నడిపితే జనం ఎక్కుతారా లేదా అని చూద్దామనుకున్నారు. జనం ఎక్కారు. 1974లో జార్జ్‌టౌన్ వైపు లైను వచ్చింది. బ్రాంప్టన్ వాళ్ళు ఇవాళ కిచెనర్ లైను అనేది దాని కొనసాగింపే. 1978లో రిచ్‌మండ్ హిల్, 1981లో మిల్టన్, 1982లో స్టఫ్‌విల్, బ్రాడ్‌ఫర్డ్ లైన్లు కలిశాయి. ఆ బ్రాడ్‌ఫర్డ్ లైనే ఇప్పటి బారీ లైను. మిసిసాగాలో మెడోవేల్, స్ట్రీట్స్‌విల్, ఎరిన్‌డేల్, కుక్స్‌విల్ స్టేషన్ల దగ్గర ఉండే మనవాళ్ళు ఎక్కేది మిల్టన్ లైను. 2009 నుంచి గో ట్రాన్సిట్ మెట్రోలింక్స్ అనే ప్రభుత్వ సంస్థలో భాగమయింది.

మీరు ఎక్కే ఆ ఆకుపచ్చ, తెలుపు రెండంతస్తుల పెట్టెలు 1978లో వచ్చాయి. ఒంటారియోకి వాయవ్యాన సుపీరియర్ సరస్సు ఒడ్డున థండర్ బే అనే ఊరుంది. అక్కడి ఫ్యాక్టరీలో హాకర్ సిడ్లీ అనే కంపెనీ వీటిని గో కోసమే తయారు చేసింది. తరవాత ఆ ఫ్యాక్టరీ చేతులు మారి బొంబార్డియర్‌కి, 2021లో ఫ్రాన్సు కంపెనీ ఆల్‌స్టామ్‌కి చేరింది. పెట్టె నమూనా మాత్రం అదే. ఒక పెట్టెలో సుమారు 160 మంది కూర్చోవచ్చు. పన్నెండు పెట్టెల రైలంటే దాదాపు 1,900 సీట్లు. మా ఊళ్ళో మూడు పెళ్ళిళ్ళకి వచ్చే జనం అన్నమాట! అమెరికాలో వినే శ్రోతలకి ఇది తెలిసిన పెట్టే. డాలస్, ఫోర్ట్‌వర్త్‌ల మధ్య నడిచే ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్, సియాటిల్ సౌండర్, లాస్ ఏంజిలిస్ మెట్రోలింక్ రైళ్ళలోనూ ఇవే కనిపిస్తాయి. పుట్టిల్లు మాత్రం ఇక్కడే.

ఇక్కడ ఒక చిన్న మాట. మనం తెలుగులో పెట్టె మొత్తాన్ని బోగీ అంటాం. ఒకసారి నేను అలా అంటే మా నాన్న నవ్వి, "బోగీ అంటే కింద చక్రాల బండి. పైన ఉన్నది డబ్బా" అన్నారు. ఇది గుర్తుంచుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

రైలుకి ఒక చివర డీజిల్ ఇంజను ఉంటుంది. రెండో చివర పెట్టెలో డ్రైవరు కూర్చునే గది ఉంటుంది. ఒకవైపు వెళ్ళేటప్పుడు ఇంజను లాగుతుంది, తిరుగు ప్రయాణంలో నెడుతుంది. మన ఊళ్ళలో చివరి స్టేషను రాగానే ఇంజను విప్పి అటునుంచి ఇటు తెచ్చి తగిలించేవాళ్ళు, చాయ్ తాగేంత సేపు పట్టేది. ఇక్కడ ఆ అవసరం లేదు. డ్రైవరు ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి వస్తే సరిపోతుంది.

ఇప్పుడు మా నాన్న ప్రశ్నకి వద్దాం. రాత్రి ఎక్కడ పడుకుంటుంది?

రెండు రకాల చోట్లున్నాయి. మొదటివి లైను చివర ఉండే యార్డులు. పొద్దున మొదటి రైలు చివరి ఊరినుంచి బయల్దేరాలి కదా, అందుకని కొన్ని రైళ్ళు రాత్రి అక్కడే నిద్రపోతాయి. అక్కడ చీపురు పట్టి తుడవడం, చెత్త తియ్యడం, పైపైన చూడడం వరకే జరుగుతుంది. అసలు వైద్యం జరిగేది రెండో రకం చోట్లలో, అంటే షెడ్లలో. టొరంటోకి పడమర మిమికో స్టేషను పక్కన విల్లోబ్రుక్ షెడ్డు ఉంది. దశాబ్దాలపాటు గో రైళ్ళన్నిటికీ పెద్దాసుపత్రి అదే. 2018లో తూర్పున విట్బీలో రెండో పెద్ద షెడ్డు తెరిచారు. అంటే 1967లో మొదలయిన రైళ్ళకి రెండో పెద్ద షెడ్డు రావడానికి యాభై ఏళ్ళు పట్టింది!

షెడ్డులో ఏం చేస్తారు? డీజిల్ పోస్తారు. ఇసుక నింపుతారు. అవును, ఇసుకే. పట్టా తడిగా ఉన్నప్పుడు చక్రం జారకుండా ఇంజను ముందు పట్టా మీద ఇసుక చల్లుతుంది. పట్టా కింద మనిషి నిలబడగలిగేంత గొయ్యి ఉంటుంది, మనవైపు దాన్ని పిట్ లైను అంటారు. అందులో దిగి బ్రేకులు, గొట్టాలు, స్ప్రింగులు, ఇందాక చెప్పిన అసలు బోగీలు, అన్నీ కిందనుంచి టార్చిలైటు వేసి చూస్తారు. టాయిలెట్ ట్యాంకులు ఖాళీ చేస్తారు. తలుపులు ఒక్కొక్కటీ తెరిచి మూసి చూస్తారు. పన్నెండు పెట్టెల్లో ఒక్క తలుపు సరిగా మూసుకోకపోయినా రైలు కదలదు మరి.

చక్రాల సంగతి వినండి. అక్టోబరులో మేపుల్ ఆకులు రాలడం మనకి ఫోటోలు దిగే పండగ. రైలుకి గండం. ఆకులు పట్టాల మీద నలిగి సబ్బులాగా జిగురు పూత అవుతుంది. బ్రేకు వెయ్యగానే చక్రం తిరగడం ఆగిపోయి జారుతుంది. జారిన చోట చక్రం కాస్త అరిగి చదునవుతుంది. మీరు రైల్లో కూర్చున్నప్పుడు కిందనుంచి టక్ టక్ మని ఒకే తాళంలో చప్పుడు వస్తే అది అటువంటి చక్రం అయి ఉండవచ్చు. దాన్ని అలాగే వదిలేస్తే పట్టా కూడా దెబ్బ తింటుంది. అందుకని నేలలోనే అమర్చిన లేత్ మెషీను మీదకి పెట్టెని తెచ్చి, చక్రం ఊడదీయకుండానే మళ్ళీ గుండ్రంగా చెక్కుతారు. మన కమ్మరి బండి చక్రానికి పట్టా వేసినట్టు, ఇది ఓపిక, లెక్క రెండూ ఉండవలసిన పని.

చలికాలం ఇంకో కథ. పెద్ద రైలు డీజిల్ ఇంజన్లలో చల్లబరచడానికి మామూలుగా వట్టి నీళ్ళే వాడతారు. మన కార్లలో పోసే యాంటీఫ్రీజ్ ఉండదు. సున్నా కింద చలిలో ఇంజను ఆపేసి వదిలేస్తే నీళ్ళు గడ్డకట్టి ఇంజను పగిలిపోతుంది. కాబట్టి రాత్రంతా ఇంజను నడుస్తూనే ఉండాలి, లేదా యార్డులో కరెంటు ప్లగ్గు పెట్టి వెచ్చగా ఉంచాలి. యార్డు పక్కన ఇళ్ళున్నవాళ్ళు రాత్రి చప్పుడు గురించి గొడవ పడతారంటే ఊరికే కాదు. అలాగని ఊరికి దూరంగా యార్డు కడితే, ఖాళీ రైలు రోజూ అంత దూరం తిరగాలి. అవి కూడా అదే పట్టాల మీద, మనం ఎక్కే రైళ్ళకి అడ్డం వస్తూ తిరగాలి. షెడ్డుకి స్థలం దొరకడం ఎంత కష్టమో ఇప్పుడు తెలిసింది కదా.

ఇక్కడినుంచి నా వృత్తి కొంచెం పనికొచ్చింది. మా పనిలో మెయింటెనెన్స్ విండో అని ఒక మాట ఉంది. బ్యాంకు వాళ్ళ సిస్టమ్ పగలంతా నడవాలి, కాబట్టి మార్పులన్నీ అర్ధరాత్రి రెండింటి నుంచి నాలుగింటి లోపల చేసెయ్యాలి. ఆ రెండు గంటలే మాకు దొరికే కిటికీ. రైళ్ళదీ అచ్చంగా ఇదే బాధ.

ఉదాహరణకి ఒక లెక్క వేసుకుందాం. ఇవి నేను ఊహించుకున్న అంకెలు, అర్థం కావడం కోసం మాత్రమే. ఒక రైలుకి పిట్ మీద నాలుగు గంటల పని ఉందనుకోండి. పొద్దున, సాయంత్రం మాత్రమే నడిచే రైలయితే పగలు ఆరు గంటలు ఖాళీగా ఉంటుంది, రాత్రి ఎనిమిది గంటలు ఖాళీగా ఉంటుంది. ఒక పిట్ మీద పగలు ఒక రైలు, రాత్రి రెండు రైళ్ళు, మొత్తం మూడు చూడవచ్చు. ఇప్పుడు అవే రైళ్ళని రోజంతా అరగంటకొకటి నడపమన్నారు. పగటి ఖాళీ పోయింది. రాత్రి కూడా ఎనిమిది గంటలు కాస్తా అయిదయింది. అంటే ఒక పిట్ మీద ఒక్క రైలే! మరోవైపు రైలు రోజుకి తిరిగే దూరం రెట్టింపయింది, కాబట్టి బ్రేకులు, చక్రాలు త్వరగా అరుగుతాయి, పని పెరుగుతుంది. పని పెరిగింది, సమయం తగ్గింది. ఒక్క కొత్త రైలు కూడా కొనకుండానే షెడ్డు మూడింతలు కావలసి వచ్చింది.

నా మటుకు నాకు ఈ లెక్క దగ్గర కళ్ళు తెరుచుకున్నాయి. పగలంతా ఖాళీగా నిలబడి ఉన్న రైళ్ళని చూసి "ఊరికే పెట్టుకున్నారు, నడపొచ్చు కదా" అని తిట్టుకునేవాణ్ణి. 2013 జూన్‌లో లేక్‌షోర్ లైన్ల మీద రోజంతా అరగంటకో రైలు మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించాను గానీ, దాని వెనక రాత్రి షిఫ్టు వాళ్ళ మీద ఎంత బరువు పడిందో ఆలోచించలేదు.

దీనికి తోడు ఇంకో సూత్రం ఉంది. నడిచే రైళ్ళు పది అయితే కొనవలసినవి పది కాదు. ఒకటి పెద్ద రిపేరులో ఉంటుంది, ఇంకోటి అత్యవసరానికి సిద్ధంగా నిలబడి ఉండాలి. ఇంట్లో పిల్లాడికి స్కూలు యూనిఫారం ఒకటే కొంటే ఏమవుతుందో తల్లులకి చెప్పనక్కరలేదు. ఒకటి ఒంటిమీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో.

ఇంత పని పాత పద్ధతిలో సాగదు కాబట్టి షెడ్లు కట్టే తీరు మారింది. పూర్వం రైలుని ముక్కలుగా విడదీసి, ఒక్కో పెట్టెనీ లోపలికి తోసి చూసేవాళ్ళు. విప్పడం, తగిలించడం, బ్రేకు గాలి మళ్ళీ పరీక్షించడం, ఇందులోనే సగం రాత్రి గడిచిపోయేది. ఇప్పుడు పన్నెండు పెట్టెల రైలు మొత్తం విప్పకుండా లోపలికి వచ్చి నిలబడేలా పొడుగాటి షెడ్లు కడుతున్నారు. ఏడాదికోసారి చేసే పెద్ద పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, రైలు లోపలికి వచ్చిన ప్రతిసారీ ఒక ముక్క పూర్తి చేస్తారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళు ఇదేదో తామే కనిపెట్టామనుకుంటారు, ఏడాదికో పెద్ద రిలీజు మానేసి వారానికో చిన్నది చెయ్యడం. మా నాన్నకి చెబితే, "గదేందిరా కొత్త? మేం గప్పుడే జేసినం" అన్నారు. అది నిజమో, షెడ్డు మీద ప్రేమో నాకు తెలియదు!

సరే, రైళ్ళ విషయం. పాతవి పారేసి అన్నీ కొత్తవి కొనెయ్యవచ్చు కదా? పెట్టెల విషయంలో అది దండగ. వీటి డబ్బా అల్యూమినియంతో చేసింది, ఉక్కులా తుప్పు పట్టదు. పాతబడేవి సీట్లు, వైర్లు, తలుపుల మోటార్లు, ఏసీలు, కింద ఉండే బోగీలు. కాబట్టి డబ్బా అట్టే ఉంచి లోపలిదంతా ఊడదీసి కొత్తగా అమర్చుతారు. ఇటీవలి సంవత్సరాల్లో పాత పెట్టెలని అవి పుట్టిన థండర్ బేకీ, నార్త్ బేలో ఒంటారియో నార్త్‌లాండ్ వర్క్‌షాపుకీ పంపి ఇలా పునరుద్ధరిస్తున్నారు. మన సికింద్రాబాదులో లాలాగూడ వర్క్‌షాపు చేసే పని ఇలాంటిదే. కొత్తది కొన్న వార్తకి ఫోటోలు పడతాయి, పాతది బాగుచేసిన వార్త ఎవరికీ పట్టదు. కానీ ఒకే నమూనా నలభై అయిదేళ్ళకి పైగా వాడడంలో పెద్ద లాభం ఉంది. ఒకటే రకం విడిభాగాలు, ఒకటే రకం పనిముట్లు, అది చేతివాటంగా తెలిసిన మెకానిక్కులు.

ఇంజన్లు మాత్రం మారుతూ వచ్చాయి. 1988 నుంచి వచ్చిన ఎఫ్-59 రకం ఇంజన్ల శక్తి 3,000 హార్స్‌పవర్. పది పెట్టెలు లాగేవి. జనం పెరిగి పన్నెండు పెట్టెలు కావలసి వచ్చినప్పుడు 4,000 హార్స్‌పవర్ ఎం.పి.-40 ఇంజన్లు తెచ్చారు. అవి 2008 ప్రాంతంలో పట్టాలెక్కి మొత్తం 67 అయ్యాయి. తరవాత వచ్చిన ఎం.పి.-54 రకంలో ఒక పెద్ద ఇంజను బదులు రెండు చిన్న ఇంజన్లుంటాయి, కలిపి 5,400 హార్స్‌పవర్. బలం అక్కర్లేనప్పుడు ఒకటి ఆపెయ్యవచ్చు, పొగ కూడా బాగా తక్కువ.

అయినా డీజిల్ రైలుకి తప్పని ఇబ్బంది ఒకటుంది. ఖాళీ పెట్టె ఒక్కోటి సుమారు 50 టన్నులు. పన్నెండు పెట్టెలు, ఇంజను, జనం కలిపితే 700 టన్నులు దాటుతుంది. దాన్నంతా ఒక్క ఇంజను కదిలించాలి. వేగం అందుకునేలోపే తరవాతి స్టేషను వచ్చేస్తుంది. కరెంటు రైలయితే పై తీగనుంచి ఎంత కావాలంటే అంత శక్తి తీసుకుంటుంది, ఇంధనం మోసుకు తిరగక్కర్లేదు. మోటార్లు చాలా చక్రాలకి పంచి ఉంటే ఇంకా చురుగ్గా కదులుతుంది. స్టేషను స్టేషనుకీ అర నిమిషం, ముప్పావు నిమిషం కలిసొస్తే, అదే రైలు రోజులో ఇంకో చుట్టు తిరగవచ్చు. వేగం వల్ల కూడా రైళ్ళ సంఖ్య పెరిగినట్టే లెక్క.

హైదరాబాదు వాళ్ళు ఇది విని నవ్వుకుంటూ ఉంటారు. 2003 ఆగస్టులో మొదలయిన మన ఎం.ఎం.టి.ఎస్. మొదటి రోజునుంచీ కరెంటు రైలే. లింగంపల్లి, ఫలక్‌నుమా వెళ్ళే రైళ్ళు పై తీగ కిందే నడిచాయి, వాటిని చూసుకోవడానికి మౌలాలిలో షెడ్డు ఉంది. కాలిఫోర్నియా శ్రోతలకీ తెలుసు. శాన్ హోసే, శాన్‌ఫ్రాన్సిస్కోల మధ్య నడిచే కాల్‌ట్రెయిన్ 2024 సెప్టెంబరులో డీజిల్ వదిలి కరెంటుకి మారింది. సన్నీవేల్, మౌంటెన్ వ్యూల్లో ఉండే మనవాళ్ళు ఆ తేడా ఫోన్లో చెప్పి నన్ను ఊరిస్తుంటారు.

మరి టొరంటో? 2015లో ఒంటారియో ప్రభుత్వం ఒక పెద్ద పథకం ప్రకటించింది. లేక్‌షోర్, కిచెనర్, బారీ, స్టఫ్‌విల్ లైన్లలో ముఖ్యమైన భాగాలకి కరెంటు వేసి, పావుగంటకో రైలు నడుపుతామన్నారు. పదేళ్ళలో అన్నారు. 2017లో పర్యావరణ పరిశీలన పూర్తయింది. 2022లో ఆన్‌ఎక్స్‌ప్రెస్ అనే కూటమిని ఎంచుకున్నారు, అందులో జర్మనీ రైల్వే కంపెనీ డాయిష్ బాన్ కూడా ఒకటి. రైళ్ళు నడపడం, బాగోగులు చూడడం కూడా వాళ్ళకే అప్పగించాలన్నది ఆలోచన. 2025లో ఆ ఏర్పాటు ఆగిపోయింది, డాయిష్ బాన్ వైదొలిగింది. పదేళ్ళు గడిచాయి. పట్టాల పని, వంతెనల పని, స్టేషన్ల పని చాలా జరిగింది. కరెంటు గో రైలు మాత్రం ఇంకా రాలేదు.

ఎందుకింత కష్టం? తీగలు కట్టడమే కాదు. షెడ్డు కూడా మారాలి. డీజిల్ ఇంజనుకి ముఖ్యమైన పని కింద పిట్‌లో, పక్కన ఇంజను గదిలో ఉంటుంది. పైన పొగ గొట్టాలు, నేల మీద డీజిల్ పంపులు కావాలి. కరెంటు రైలుకి సగం పని కప్పు మీద ఉంటుంది. తీగని తాకే చెయ్యి, దాని కింద సామాను, అన్నీ పైనే. కాబట్టి పైన నడిచే వేదికలు కావాలి. షెడ్డులోపల తీగలో 25,000 వోల్టులు ఉంటే పైకి ఎక్కేముందు దాన్ని ఆపి, తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకోవాలి. డీజిల్ మెకానిక్కుకి కరెంటు పని నేర్పాలి. పైగా ఇదంతా ఒకేరోజు జరగదు. ఏళ్ళ తరబడి డీజిల్ రైళ్ళు, కరెంటు రైళ్ళు రెండూ ఉంటాయి, రెండిటికీ షెడ్లు కావాలి, రోజూ లక్షలమంది ప్రయాణం ఆగకూడదు. ఎగురుతున్న విమానంలో ఇంజను మార్చమన్నట్టు ఉంటుంది ఈ పని.

సరే, ఇదంతా విని మనం చెయ్యవలసింది ఏమిటి? స్టేషను పక్కన ఇల్లు కొనేముందు, "ఈ లైనుకి పావుగంటకో రైలు" అన్న మాట వినిపిస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇవి నా సలహాలు మాత్రమే, రియల్ ఎస్టేటు వాళ్ళు నన్ను కోప్పడకూడదు.

మొదటిది, పట్టాలు ఎవరివి? గో రైళ్ళు నడిచే పట్టాలు చాలావరకు మెట్రోలింక్స్‌వే. కానీ మిల్టన్ లైను సరుకు రవాణా కంపెనీ సి.పి.కె.సి. సొత్తు. కిచెనర్ లైనులో బ్రమలీ నుంచి జార్జ్‌టౌన్ దాకా ఉన్న ముక్క సి.ఎన్. కంపెనీది. అక్కడ సరుకు రైళ్ళు ఇంటివాళ్ళు, మన రైళ్ళు అద్దెకున్నవాళ్ళు. మిల్టన్ లైను వాళ్ళకి పగటిపూట రైళ్ళు రాకపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

రెండోది, ఆ కొత్త రైళ్ళు రాత్రి ఎక్కడ పడుకుంటాయి? యార్డు స్థలం దొరికిందా, పని మొదలయిందా? కొత్త రైలు బొమ్మ పేపర్లో పడితే పొంగిపోకండి. షెడ్డుకి పునాది తవ్వుతున్నారంటే నమ్మండి.

మూడోది, వాటిని చూసేవాళ్ళు ఎవరు? రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి, చలిలో పిట్‌లోకి దిగే మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు తయారవుతున్నారా? మన ఇళ్ళలో ఎవరయినా పిల్లాడు కంప్యూటర్ వద్దు, చేతి పని నేర్చుకుంటానంటే మనం గాభరా పడిపోతాం. ఒక్కసారి ఆగి ఆలోచించండి. నేను రాసిన ప్రోగ్రాము ఆగితే ఎవరో ఒకరు ఫోన్లో విసుక్కుంటారు, అంతే. ఆ పిల్లాడు బిగించిన బ్రేకు మీద రెండువేలమంది ఇల్లు చేరతారు.

మా నాన్న తిరిగి వెళ్ళేముందు ఒక ఆదివారం ఆయన్నీ పాపనీ తీసుకుని లేక్‌షోర్ రైలెక్కాను, ఊరికే చూపిద్దామని. మిమికో దాటగానే కిటికీలోంచి విల్లోబ్రుక్ కనిపించింది. వరసగా ఆకుపచ్చ పెట్టెలు, వాటి మధ్య పసుపు చొక్కాలు వేసుకుని నడుస్తున్న మనుషులు. రైలు ఆగలేదు, చూడ్డానికి దొరికింది అర నిమిషమే. మా నాన్న అద్దానికి మొహం ఆనించి పెట్టెలు లెక్కపెడుతున్నారు. పాప, "తాతయ్యా, అవన్నీ ఎందుకు నిల్చున్నాయి?" అని అడిగింది.

"నిల్చోలె బిడ్డా. పొద్దుగాల మీ నాయినని తీస్కపోవాలె గద, తయారైతున్నయి" అన్నారు.

ఇప్పుడు నేను మీటింగు మధ్యలో లేచి వచ్చెయ్యడం నేర్చుకున్నాను. రైళ్ళు పెరిగేదాకా ఆగితే పాప పెద్దదయిపోతుంది కదా! కానీ రాత్రి మంచు పడుతున్నప్పుడు మెలకువ వస్తే ఒక్క క్షణం ఆ పిట్‌లో టార్చి పట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. మీరు కూడా రేపు పొద్దున రైలు టైముకి వస్తే అతన్ని ఒకసారి తలుచుకోండి.